సముద్రం చూసినాక సంతకం

నీళ్ళ సమస్యను మూలం దాకా తరుముకుంటూ పోయి పట్టుకొని తీరుతానని మా తాలూకా బోర్డు ప్రెసిడెంటు శేషన్నగారు సభలో ప్రకటించినప్పుడు చప్పట్లు చాలాసేపు ఆగలేదు. నీళ్ళకు మూలం సముద్రమట. కాబట్టి వారు స్వయంగా సముద్రపుటొడ్డుకు టూరు పోయి, నాలుగు రోజులు అక్కడే బసచేసి, అంత నీరు ఒక్కచోట ఎలా నిలిచి ఉందో పరిశీలించి వస్తారట. ఇలాంటి ప్రెసిడెంటు పక్క జిల్లాలకు కూడా లేడు. పరిశీలన ఒక్కరివల్ల అయ్యే పని కాదు గనుక వారి భార్య గురమ్మగారు, అత్తగారు, ముగ్గురు పిల్లలు కూడా ఈ ప్రజాసేవకు ఒప్పుకున్నారు.

ఆ సేవలో నాకూ కాస్త చోటు దొరికింది. మా రాళ్ళకొత్తూరికి బావి కావాలని ఐదేళ్ళుగా తిరిగిన ఫైలు ఎట్టకేలకు వారి బల్ల దాకా చేరింది. మార్చి నెలాఖరులోగా సంతకం పడకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది. ఫైలు చంకన పెట్టుకొని వారి గుమ్మంలో నిలబడ్డాను.

"సముద్రం చూసినాక సంతకం పెడతాలేప్పా, మారెన్నా," అన్నారు వారు. "నీళ్ళంటే ఏమో తెలీకుండా బావికి సంతకం పెడితే ప్రజలకు ద్రోహం కాదా?"

ఇంతటి నిజాయితీ ముందు నోరెత్తగలవాడెవడు?

"నువ్వూ మాతో రా. అట్లే మీ ఊరి చెలమ నీళ్ళు రెండు బిందెలు తే. మా అత్తకు పరాయి ఊరి నీళ్ళు పడవు."

ఊరు దాటితే సొంత నీళ్ళు వెంట తీసుకుపోవడం మావైపు పాత ఆచారమే. కాకపోతే ప్రెసిడెంటుగారి పెరటి బావి మాఘంలోనే ఎండిపోయింది. మా ఊరి వంకలో ఇసుక తోడి, ఊరిన ఊటను కొబ్బరిచిప్పతో గీరి గీరి బిందె నింపాలంటే ఒక పూట పడుతుంది. మా వదిన సిద్దమ్మ రెండు బిందెలూ నింపి, మూతికి గుడ్డ కట్టి నా చేతికిచ్చింది.

"సంతకం లేకుండా వచ్చినావంటే ఈ చెలమలోనే పూడ్చిపెడతా, చూడు," అంది ప్రేమగా.

నంద్యాలలో రైలెక్కాము. దారిలో ప్రెసిడెంటుగారి ఇంకుబుడ్డి పగిలి అత్తగారి పట్టుచీర నీలమైంది. వారు చలించలేదు. దిగగానే, నీళ్ళలో కరిగిస్తే ఇంకు అయ్యే ఇంకుబిళ్ళలు ఒక పొట్లం కొన్నారు. ప్రభుత్వ కార్యం ఇంకు లేక ఆగకూడదు గదా.

మేము బసచేసిన ఆరోగ్య విహార భవనం ఏదో దొర యాభై ఏళ్ళనాడు కట్టించినది. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయినా ఆరోగ్యం మాత్రం మిగిలే ఉంది. లాజరు అనే ముసలి బట్లరు, రెండు గుండీలు మిగిలిన కోటు వేసుకొని ఎదురొచ్చి సలాము చేశాడు.

"ఈ గదిలో కలెక్టరు దొరగారు నెల్లాళ్ళున్నారండి."

"ఇప్పుడెవురుండారు?" అన్నారు గురమ్మగారు.

"గబ్బిలాలండి. మనం కదిలించకపోతే వాటి పాటికి అవే ఉంటాయండి."

కిటికీలు మూసుకోవు. తలుపులు తెరుచుకోవు. పరుపులు పిండితే ఉప్పునీళ్ళు కారాయి. చేపల పులుసులో ఇసుక, చేప సమపాళ్ళలో ఉన్నాయి.

"ఆ పక్క మెట్లుండాయి గానీ వసారా యాడప్పా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"పోయినేడు సముద్రం తీసుకుందండి."

ప్రెసిడెంటుగారి ముఖం వెలిగిపోయింది. "చూసినావా మారెన్నా! సముద్రం మనవైపే వస్తాండాది. కొన్నాళ్ళు ఓపిక పడితే మన కోయిలకుంట్లకే వస్తుంది. మల్ల బావి ఎందుకప్పా?"

నేను ఫైలు గట్టిగా పట్టుకున్నాను.

గురమ్మగారు పసుపు కుంకుమ వేసి సముద్రానికి మొక్కి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకొని, అంతే భక్తితో ఉమ్మేశారు.

"ఇన్ని నీళ్ళుండి గొంతు తడుపుకునేకి లేదంటే ఎట్లప్పా! దీనికంటే మన ఊరే మేలు కదా. ఆడ లేవని తెలుసు, ఊరికే ఉంటాము!"

భవనం బావిలోనూ అదే ఉప్పు. తాగేనీళ్ళ బండి పట్నంనుంచి రావాలట. ఎద్దు కుంటుతోందట. కొబ్బరిబొండాలైనా తెమ్మంటే, చెట్లన్నీ గాలివానకు పోయాయన్నాడు లాజరు. అలా మా చెలమ నీళ్ళే ఆ సముద్రతీరానికి దిక్కయ్యాయి.

పక్క గదిలో దిగిన రిటైరైన జడ్జీగారు గ్లాసు పట్టుకొని వచ్చారు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు.

"అమృతమండీ! మీ వైపు నీళ్ళన్నీ ఇలాగే ఉంటాయా?"

"ఇవి మామూలు రకంలెండి," అన్నారు ప్రెసిడెంటుగారు మీసం దువ్వుకుంటూ. "ఇంకా మేలైనవి ఉండాయి."

సాయంత్రానికి ఒక జమీందారుగారు, ఆయన బంధువులు, చివరికి లాజరు కూడా వరసలో నిలబడ్డారు. నేను గరిటెతో పోశాను. ప్రెసిడెంటుగారు ఒక్కొక్క గరిటెకు ఒక్కొక్క ఉపన్యాసం ఇచ్చారు. సొంత తాలూకాలో వారి మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళను నేనెన్నడూ చూడలేదు.

మూడోరోజు నేను కాళ్ళావేళ్ళా పడితే ఫైలు తెమ్మన్నారు. తాగేనీళ్ళు దుబారా చేయరాదని ఇంకుబిళ్ళను సముద్రపు నీళ్ళలో కలిపారు. కలిపిన ఇంకు పేరుకొని అడుక్కి దిగిపోయింది. "సముద్రానికి పరిపాలన పడదప్పా," అని ఫైలు మూసేశారు.

నాలుగోరోజు బిందె అడుగున ఒక్క లోటా మిగిలింది. అది నా వంతు. పొద్దుటినుంచి నా నాలుక అట్టకట్టి ఉంది.

"నా వంతు ఇంకులోకి పోసుకోండి సామీ," అన్నాను.

వారు కరిగిపోయారు. ఆ నీళ్ళలో ఇంకు నల్లగా, చిక్కగా కలిసింది. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ రాసి, కింద పొడుగ్గా సంతకం చేశారు.

"చూసినావా! ఒక్క బావికి ఇంత ఎవురు రాస్తారప్పా?"

మూడో క్లాసుతో బడి మానిన నాకు ఇంగ్లీషేం తెలుసు? ఫైలు కళ్ళకద్దుకున్నాను. మిగిలిన ఇంకుబిళ్ళల పొట్లం కూడా నాకు బహుమానంగా ఇచ్చారు. దాత చేయి అంటే అది.

ఊళ్ళో తప్పెట కొట్టించారు. సిద్దమ్మ వదిన ఇంటింటికీ బెల్లం పంచింది. పది రోజులకు ఓవర్సీరు పుల్లయ్య వచ్చాడు. గడ్డపారలు తేలేదు, నాలుగు పీపాలు తెచ్చాడు. ఆర్డరు తెలుగు చేసి చదివాడు:

"ఈ గ్రామపు నీటిని సముద్రతీరమున పెద్దలు సైతం ప్రశంసించినారు. కావున ఇచ్చట నీటి ఎద్దడి యనునది అపోహ. బావి అనవసరము. మిగులు నీటిని వారమునకొకసారి ఆరోగ్య విహార భవనమునకు పంపవలెను."

వదిన నావైపు చూసింది. పూడ్చిపెడుతుందనుకున్నాను. చెలమలో అంత చోటు లేదనేమో, ఊరుకుంది.

మూడు రోజులు ఊరి ఆడవాళ్ళంతా గీరితే పీపాలు నిండాయి. పుల్లయ్య లక్క కరిగించి సీళ్ళు వేశాడు. ప్రారంభోత్సవానికి శేషన్నగారు మిట్టమధ్యాహ్నం వేంచేసి, నీటి సమృద్ధిని గురించి ఎండలో గంటసేపు మాట్లాడారు. గంట దాటాక గొంతు పెగల్లేదు.

"నీళ్ళు..."

"యాడుండాయి సామీ?" అంది వదిన. "చెలమ ఊడ్చినాము. ఉండేటివన్నీ ఆ పీపాల్లోనే."

"తెరువప్పా పుల్లయ్యా!"

"సీలు పడిందండి. ప్రెసిడెంటుగారి రాతమూలకమైన ఆర్డరు లేనిది తెరవరాదని రెండో పేజీలో ఉంది. తమరే రాసినారు."

"రాసిస్తా. పెన్సిలుండాదా?"

"పెన్సిలు సంతకం చెల్లదండి. అదీ తమరే రాసినారు."

నేను పరుగున పోయి కాగితం తెచ్చాను. కలం తెచ్చాను. జేబులో భద్రంగా దాచుకున్న పొట్లం విప్పి, ఇంకుబిళ్ళ ఒకటి వారి అరచేతిలో పెట్టాను.

వారు బిళ్ళవైపు చూశారు. పీపాలవైపు చూశారు. సిద్దమ్మ వదిన ఒక ఉత్త లోటా తెచ్చి, కొంగుతో తళతళలాడేటట్టు తుడిచి, వినయంగా వారి ముందు పెట్టింది.