అత్తగారి ముఖారవిందముపై చెత్తబుట్ట

రోహిణీకార్తె మార్తాండుడు బెజవాడను పెనముగా కాల్చి జనులను దోసెలుగా పోయుచున్న వేళ, కృష్ణమ్మ చల్లగాలి గుణదల దాకా రాలేక ఏలూరు కాలువగట్టుననే సొమ్మసిల్లిన వేళ, తలంబ్రాల బియ్యము ఇంకను సూట్‌కేసు మూలలందు దొరకుచున్న ఒకానొక నవదంపతుల ఫ్లాటునందు, దేవాసురులెరుగని మహాసంగ్రామమొకటి సంభవించెను. చెవులొగ్గి వినుడు!

ఫోటోగ్రాఫరు పంపిన పెళ్లి గ్రూపుఫోటోను నవవధువు అనఘ కంప్యూటరు తెరనిండ పరచి, హనుమాన్ జంక్షనులో బస్సెక్కిన తల్లికి ఫోను చేసి, "అమ్మా, కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, నువ్వే కనపడతావు!" అని చాటెను. చాటిన పిమ్మట చూచెను. చూచి కొయ్యబారెను. ఎడమకొసన, పై వరుసన, కంచిపట్టు ధగధగలతో నిలిచిన పద్మావతమ్మగారికి ముఖము లేదు! ముఖముండవలసిన చోట, తీసివేసిన ఫైళ్లను మ్రింగు రీసైకిల్ బిన్ అను చెత్తబుట్ట కొలువుదీరి యున్నది!

"ఏవండీ! మా అమ్మ మొహమ్మీద చెత్తబుట్ట కూర్చుందండీ!"

"పక్కకి జరిపేస్తే పోలా?" అనెను అనఘాహృదయవల్లభుడు, బి.టెక్. పట్టభద్రుడు, పాస్‌వర్డ్ విస్మరణ ధురంధరుడు అఖిలేషుడు.

"తొందరగా జరపండి మరి! ప్రసాదంపాడు వచ్చేసిందంట. మొదటిసారి వస్తోంది మనింటికి. ఇది చూసిందా, ఇక జన్మలో మీతో మాట్లాడదు!"

అంతట ఆ వీరుడు మూషికాయుధమును దక్షిణహస్తమున ధరించి, బుట్టను జుట్టుపట్టినట్లు పట్టి, తెర నడుమకీడ్చి విడిచెను. ఎట్లు బెంజి సర్కిల్ వద్ద సందు చూచి దూరిన ఆటో పోలీసు ఈలకు గతుక్కుమని వెనుకకు పోవునో, అట్లు ఆ బుట్ట గిరుక్కున తిరిగి అత్తగారి ముఖమునే అలంకరించెను. మరల ఈడ్చెను. మరల వచ్చెను.

"ఓరీ చెత్తబుట్టాధమా! పూజ్యురాలగు నా శ్వశ్రూదేవి వదనసీమను ఆక్రమింప నీకెన్ని గుండెలురా! నిలు నిలుము, నేడు నీవో నేనో!"

"డైలాగులు తర్వాత కొట్టొచ్చు, ముందు పని చూడండి."

బుట్ట కదలనిచో అత్తగారినే కదల్చెదనని తలంచి, ఆ మేధావి ఫోటోను అద్దములో వలె అటుదిటుగా తిప్పెను. పద్మావతమ్మగారు కుడికొసకు చేరి సురక్షితురాలయ్యెను. కాని అనఘ కెవ్వుమనెను.

"నా పైట కుడిభుజం మీదకి పోయిందేంటండీ! పూలతో రాయించిన మన పేర్లు కూడా తిరగబడ్డాయి! అమ్మ చూస్తే గుండాగిపోతుంది!"

ఫోటో యథాస్థానమునకు వచ్చెను. బుట్టయు యథాముఖమునకు వచ్చెను. స్వేదధారాస్నాతుడై, ఏమి చేయుటకు తోచక, తెరపై ఎచటనో మూషికపు కుడిమీట నొక్కగా ఒక పట్టిక విచ్చుకొనెను. అందు ‘వ్యూ’ అను ద్వారము. ద్వారము వెనుక ‘ఆటో అరేంజ్ ఐకాన్స్’ అను శాసనము. శాసనము ప్రక్క ఒక చిన్ని టిక్కు. సకల చిహ్నములను వరుస తప్పనీయక మూలకు లాగు రాక్షసుని ప్రాణము ఆ టిక్కులోనే యున్నదని గ్రహించి దానిని నొక్కి తీసివేసి, బుట్టను పట్టి లాగి, ఊపిరి బిగబట్టి వదిలెను.

నిలిచెను! లాగినచోటనే బుట్ట నిలిచెను!

కాని ఎచట ఉంచవలె? ఆ ఫోటోలో ఆవగింజంత చోటు లేదు. ఎటు జరిపినను ఎవరో ఒక చుట్టము. అంతలో కాలింగ్ బెల్ మ్రోగెను. వేరుదారి లేక ఆ త్యాగధనుడు, బాసికముతో శోభిల్లు తన ముఖముపైననే బుట్టను పెట్టుకొనెను.

నూజివీడు రసాల మామిడిపండ్ల సంచి దింపి, కళ్లజోడు సవరించి, పద్మావతమ్మగారు తెరను తిలకించెను.

"అబ్బ, ఎంత బాగా పడ్డానే! అయ్యో, అల్లుడుగారి మొహానికి ఆ బుట్టేంటే?"

"అదెక్కడో ఒకచోట ఉండాలండీ అత్తయ్యగారూ," అనెను వీరుడు వినమ్రుడై.

ఆమె ఫోటోను ఈ కొసనుండి ఆ కొసదాకా పరికించి, తర్జని చాచెను.

"ఎక్కడో ఒకచోట అంటే... అదిగో, రెండో వరుసలో మా తోటికోడలు. ఆవిడ మీద పెట్టండి బాబూ. పెళ్లి పులిహోరలో ఉప్పు లేదని ఊరంతా చాటింది."

శిరసావహించి అఖిలేషుడు బుట్టను జరిపెను. అది ఒదిగి కూర్చుండెను. అనఘ నోటికి కొంగడ్డము పెట్టుకొని నవ్వెను. అత్తగారు తృప్తిగా తల పంకించి, సంచిలోని పెద్ద రసమును ఏరి అల్లుని చేతబెట్టెను.

ఇవ్విధమున గుణదల సీమయందు ఒక చెత్తబుట్ట బెత్తెడు దూరము జరిగెను. దిక్కులు పిక్కటిల్లునట్లు పక్కఫ్లాటు మిక్సీ మ్రోగెను!