నాంచారమ్మ అడిగిన విస్తరి

ఒక పెద్ద అడవిలో, పేరు చెబితే రేపే అక్కడ టిక్కెట్లు పెట్టి జనాన్ని తోలుకొస్తారు కనుక చెప్పను, నీళ్ల తగాదాలను కొట్లాటతో కాక పులిజూదంతో తేల్చుకునే ఆచారం ఉండేది. మనుషుల పద్ధతుల కంటే కొంచెం నయమే. అంత నయమైన పద్ధతి ఎన్నాళ్లు ఉండనిస్తారు?

ఎండాకాలంలో వాగులన్నీ ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలిన రోజున, దాని ఒడ్డున బండ మీద గీసిన గీతల ముందు పులుల తరఫున ఒకరు, మేకల తరఫున ఒకరు కూర్చునేవారు. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులి దూకితే మేక పోతుంది. మేకలు చుట్టుముట్టి పులులను కదలకుండా కట్టేస్తే పులి ఓడుతుంది. గెలిచినవాళ్లవి వేసవంతా తెల్లవారుజాము నీళ్లు, ఓడినవాళ్లవి ఎండెక్కాక మిగిలినవి. ఆట తేలేదాకా మడుగులో ఎవరూ మూతి పెట్టకూడదు. ఎండ చురుక్కుమనేలోపు ఆట అయిపోయేది కనుక ఈ నియమం ఎవరికీ బరువనిపించలేదు.

ఏడేళ్లుగా మేకల తరఫున గెలుస్తున్నది నాంచారమ్మ అనే ముసలి కొండమేక. ఆమెకు చెవుడు. ఎత్తులు కూడా పెద్దగా తెలియవు. మేక వెనక మేకను పెట్టడం, తొందరపడకపోవడం, ఇంతే ఆమె విద్య. ఈ ఏడు ఆమె కూతురికి రెండు పిల్లలు పుట్టాయి. వాటి కాళ్లు ఇంకా నిలదొక్కుకోలేదు. ఎండలో మడుగుదాకా నడిపిస్తే దారిలోనే పోతాయి. అందుకే ఈసారి ఆట అంటే నాంచారమ్మకు భయం.

సరిగ్గా అప్పుడే జంబుకయ్య అనే నక్క పొరుగడవి చూసొచ్చి, సభ పెట్టించి, పాత ఆటకు తాను కొత్త భాగం తయారుచేశానని ప్రకటించాడు. దానికి 'మహా విస్తరణ' అని పేరు కూడా పెట్టాడు. బండ మీద గీతలు రెండింతలవుతాయట. పులులు నాలుగు, మేకలు ముప్ఫై అవుతాయట. మధ్యలో వానాకాలం వస్తుందట, రాయబారాలు నడుస్తాయట. అన్నిటికీ మించి మంత్రి అనే కాయ ఉంటుందట, దాన్ని స్వయంగా జంబుకయ్యే నడుపుతాడట. వెల పెద్దదేం కాదు. వేసవంతా మడుగులో మొదటి గుటక జంబుకయ్య కుటుంబానిది.

కోతులు అప్పటికే ఒప్పుకున్నాయి. విస్తరణ తయారు కాకముందే, అది ఏమిటో తెలియకముందే, మా పేరు ముందు రాసుకోమని జంబుకయ్య గుహ ముందు వారం రోజులు వరస కట్టిన జాతి అది.

కొనాలా వద్దా తేల్చమని సభ శుకాచారి అనే చిలకను అడిగింది. శుకాచారి అడవిలో పేరున్న సమీక్షకుడు. ఏ చెట్టు పండైనా అతను కొరికి మార్కులు వేస్తే తప్ప మిగతావాళ్లకు రుచి తెలిసేది కాదు. జంబుకయ్య పంపిన దోరజామపళ్లు తింటూ అతను విస్తరణను ఒక పూట చూశాడు. ఆడలేదు, చూశాడు. 'పాత ఆటకు ఇది పూర్తిగా కొత్త ఊపిరి. ఎన్నేళ్లు ఆడినా తరగదు. వ్యూహం తెలిసినవారు వదులుకోకూడనిది. పదికి తొమ్మిది' అని తీర్పు చెప్పాడు. ఆ మిగిలిన ఒక్క మార్కు ఎందుకు తగ్గిందని జింకలు అడిగితే, అన్నీ వేస్తే తనను ఎవరు నమ్ముతారని అన్నాడు.

సభ కార్యదర్శి కూర్మారావు తాబేలు. విస్తరణ నిబంధనలు నలభై తాటాకులున్నాయనీ, తాను ఇప్పటికి రెండే చదివాననీ, కొంచెం ఆగుదామనీ ఆయన వినయంగా చెప్పుకున్నాడు. చదివి ఆడేవాడు ఆటగాడే కాదని కోతులు ఆయన్ని ఎగతాళి చేశాయి.

వెనక వరసలో కూర్చున్న నాంచారమ్మకు మాటలు సగం సగమే అందుతున్నాయి. పక్కనున్న జింకను పొడిచి అడిగింది.

"ఏందే, విస్తరంటన్నారు? ఎవరికంట వడ్డన?"

జింక ఆ మాట పైకి చెప్పేసింది. సభ పొట్ట పట్టుకుని నవ్వింది. శుకాచారి అయితే విస్తరణకూ విస్తరాకుకూ తేడా తెలియని వాళ్లు కూడా ఆటలు ఆడటం వల్లే అడవి వెనకబడిందని వాపోయాడు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వినవాడు జంబుకయ్య.

అతని నవ్వుకు కారణం వేరే ఉంది. ముందురోజే పెద్దపులి శార్దూలరాజు గుహకు వెళ్లి మాట ఇచ్చి వచ్చాడు. కట్టుపడిన పులిని ప్రతి ఎత్తులోనూ ఒకసారి విడిపించే అధికారం మంత్రి కాయకు ఉంది. మేకలు ఎంత చుట్టినా ఆట తేలదు. దాహానికి ఓర్చుకోలేక అవే లేచిపోతాయి. ఈ వేసవి తమకు వడ్డించిన విస్తరే ప్రభూ, అని అతను పులితో అన్న మాట నాంచారమ్మ చెవిన ఎలాగూ పడదు.

సభ విస్తరణను కొన్నది. పులుల తరఫున ఒక కుర్రపులి కూర్చుంది, ఆట మొదలైంది.

మొదటి రోజు అందరికీ భలే సరదాగా గడిచింది. వానాకాలం వచ్చి వెళ్లింది, బండ మీద మాత్రమే. రాయబారాలు నడిచాయి. నాంచారమ్మ వాటిలో ఏదీ పట్టించుకోలేదు, ఆమెకు వినిపించలేదు కూడా. మేక వెనక మేకను పెట్టుకుంటూ పోయి సాయంత్రానికి నాలుగు పులులనూ కట్టేసింది. జంబుకయ్య చిరునవ్వుతో మంత్రిని ఒక గీత జరిపి ఒక పులిని విడిపించాడు. ఆమె మళ్లీ కట్టింది. అతను మళ్లీ విడిపించాడు.

రెండో రోజూ అంతే. మడుగు ఎదురుగానే ఉంది, నీళ్లు మెరుస్తున్నాయి, ఎవరూ ముట్టడానికి లేదు. కోతులు ఆట అద్భుతమంటూనే నాలుకలు బయటపెట్టాయి. పొద్దువాలే వేళకు నాంచారమ్మ మనవల్లో చిన్నది ముందుకాళ్లు మడిచి కూలబడింది, లేపితే లేవలేదు. నాంచారమ్మకు ఏడుపొచ్చింది. లేచిపోతే ఓటమి, వేసవంతా ఎండలో నడక. లేవకపోతే ఇదీ. ఆమె ఏడుస్తూనే ఇంకో గింజ జరిపింది.

మూడో రోజు పొద్దున్నే శార్దూలరాజు బండ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పెద్ద శరీరానికి పెద్ద దాహం. ఈ సంగతి జంబుకయ్య లెక్కల్లో లేదు.

"జంబుకయ్యా, ఇది ఎప్పుడు ముగుస్తుంది?"

"ముగియకపోవడమే దీని గొప్పతనం ప్రభూ. శుకాచారిగారు కూడా అదే మెచ్చుకున్నారు."

పులి ఎండిన పెదాలు నాక్కున్నాడు. ఆ నాలుక చూసి, ఏం మాట్లాడుకున్నారో వినపడకపోయినా, నాంచారమ్మ గింజలు సర్దుతూనే అంది.

"ఆ మంత్రిని తీసెయ్ సామీ. ఈ పూటే అయిపోద్ది. ఓడిపోతావనుకో, కానీ మధ్యాన్నానికి నీళ్లు తాగుతావు."

జంబుకయ్య కంగారుగా నవ్వి, మంత్రి కాయను తీయడం కుదరదని విడమరిచి చెప్పాడు. ఆటకు అదే ప్రాణం. నడిపేవాడు ఉన్నంతవరకూ అది బండ మీద ఉండి తీరాలి.

"నడిపేవాడు లేకపోతే?" అన్నాడు పులి.

అప్పుడు వెనక నుంచి కూర్మారావు గొంతు సవరించుకున్నాడు. మూడు రోజులుగా ఆయన చదువుతూనే ఉన్నాడు, ఇప్పుడే పదిహేడో తాటాకుకు చేరాడు. పాత ఆటలో ఆట సాగినన్నాళ్లూ బండ చుట్టూ ఉన్న అందరికీ పులుల నుంచి అభయం ఉండేదనీ, కొత్త నిబంధనల్లో దాన్ని 'గడ్డి తినేవారికి మాత్రమే' అని కుదించారనీ, పులికీ తనకూ మధ్య అభయం ఎందుకులే అని జంబుకయ్యగారు తమ జాతిని చేర్చుకోలేదనీ ఆయన తాపీగా చదివి వినిపించాడు.

జంబుకయ్యకు మంచి చెవులు. మొదటి సగం వినగానే పరుగు అందుకున్నాడు. రెండో సగం వినేదాకా పులి ఆగలేదు.

మంత్రి లేని బండ మీద నాంచారమ్మ రెండు ఎత్తుల్లో నాలుగో పులిని కట్టేసింది. ఆమె కూతురు చిన్నదాన్ని మెడ పట్టుకుని నీళ్లలోకి ఈడ్చుకెళ్లింది. కాసేపు అది కదలలేదు. తర్వాత ముక్కు తడిసి, తుమ్మి, తాగడం మొదలుపెట్టింది. నాంచారమ్మ అది తాగినంతసేపూ చూసి, ఆ తర్వాతే తన మూతి నీళ్లలో పెట్టింది.

అవతలి ఒడ్డున మోదుగాకులు రాలిన చోట పులి మూతి తుడుచుకుంటున్నాడు. పక్కకు వచ్చిన జింకతో నాంచారమ్మ అంది.

"వడ్డన ఎవరికని అడిగా ఆ రోజు. ఎవరినని అడగాల్సింది."

ఈసారి జింక నవ్వలేదు.

మర్నాడు సభ మళ్లీ కూడింది. విస్తరణ వల్ల మూడు రోజులు నీళ్లు లేవని గానీ, ఒక పసిది చావు అంచుదాకా వెళ్లిందని గానీ ఎవరూ ఎత్తలేదు. కొన్నవాళ్లు తాము మోసపోయామని ఒప్పుకోవడం ఏ అడవిలోనూ లేదు. శుకాచారి తన సమీక్షను కొద్దిగా సవరించి, ఆట మొత్తం మీద గొప్పగా ఉందనీ, ముగింపే కాస్త హడావిడిగా ఉందనీ చెప్పి అరమార్కు తగ్గించాడు. కోతులు సభకు రాలేదు. జంబుకయ్య బావమరిది ఇంకో విస్తరణ చేస్తున్నాడని విని, అతని గుహ ముందు వరసలో ఉన్నాయి.

నీతి: కొత్త సరుకును మెచ్చుకోవడానికి మంచి చెవులు చాలు, దాని అసలు పేరు వినడానికి మాత్రం కొంచెం చెవుడు ఉండాలి.