గోదావరి మీద ఎర్ర దీపం

ఆ ఉదయం పదకొండు గంటలలోపు రైలు పది చుట్లు ఆగకుండా తిరగాలి. తిరిగితే భోజనాల బల్ల జ్ఞానశేఖర్‌ది, తిరగకపోతే ఆరోగ్యమ్మది. గోపాలపట్నంలోని ఆ ఇంట్లో మూడేళ్లుగా నలుగుతున్న తగవుకు భార్యాభర్తలు చివరికి ఒప్పుకున్న తీర్పు అది.

రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన జ్ఞానశేఖర్, ఆరుగురు కూర్చునే ఆ బల్ల నిండా బొమ్మ రైలు పట్టాలు పరిచాడు. మధ్యలో నీలం రంగు పూసి గోదావరి పారించాడు. దానిమీద ఇనప కమానుల వంతెన కట్టాడు. అప్పటినుంచి మొగుడూ పెళ్లాలు కంచాలు ఒళ్లో పెట్టుకునే తింటున్నారు. రిమోట్‌తో నడిచే ఆ రైలుకు కరెంటు పట్టాల్లోంచే అందుతుంది. ఏ మేకో, తీగముక్కో రెండు పట్టాలనూ కలిపిందంటే షార్టే. నిరుడు అలాగే ఒక ఇంజను కడుపులోని చిప్పు మాడిపోయి, ఇల్లు రెండు రోజులు కంపు కొట్టింది. మిగిలింది ఒకే ఒక్క ఇంజను. దాన్ని కాపాడుకోవడానికే, షార్టయిన మరుక్షణం కరెంటు ఆపేసే కొత్త బ్రేకరు తెప్పించాడు.

సాక్షులుగా పక్కింటి పైడయ్య, చిట్టమ్మ వచ్చారు. పైడయ్య సముద్రం మీద చేపలు పట్టేవాడు. ఆరోగ్యమ్మ అక్క ఎవాంజలిన్ దువ్వాడ నుంచి పొద్దున్నే దిగింది. మధ్యాహ్నం ఇంట్లో ప్రార్థన కూటం, ఆపైన భోజనాలు.

"ఇలా సూడు బావా," అంటూ జ్ఞానశేఖర్ రూపాయి బిళ్లను పట్టాలకు అడ్డంగా పెట్టాడు. టిక్కుమని బ్రేకరు మీద ఎర్ర దీపం వెలిగింది. బిళ్ల తీయగానే ఆరింది. "బిళ్ల పెట్టినా బండికేటీ అవ్వలేదు. సూసేవా? రక్షణంటే అదీ!"

"ఎంత మహిమ!" అన్నాడు పైడయ్య బిళ్లవంక భక్తిగా చూస్తూ. జ్ఞానశేఖర్ వినిపించుకోలేదు. అప్పటికే రైలు కదిలించాడు.

ఏడో చుట్టులో రైలు గోదావరి మీదికి ఎక్కింది. చిట్టమ్మ కళ్లు మూసుకుని ఏదో గొణిగింది. ఎక్కడో టంగుమంది. రైలు వంతెన నడుమ నిలబడిపోయింది. ఎర్ర దీపం.

"ఇది ట్రయలు," అన్నాడు జ్ఞానశేఖర్ గబగబా.

"పదకొండు దాకా ఎన్ని ట్రయళ్లయినా ఏసుకోండి," అంది ఆరోగ్యమ్మ వంటింట్లోంచి. "గోడమీద గడియారం నాకూ కనపడతంది."

చక్రాలకు మురికి పట్టిందనుకుని దూది తేవడానికి లోపలికి వెళ్లాడు. వచ్చేసరికి పైడయ్య వంతెన దగ్గరనుంచి చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడు. చక్రాలు తుడిచాడు. ఎర్ర దీపం. స్క్రూడ్రైవరు కోసం మళ్లీ వెళ్లాడు. "ఇలాటి నమ్మకాలు తప్పు చిట్టమ్మా," అని బోధిస్తున్న ఎవాంజలిన్, అతన్ని చూసి పర్సు ఠక్కున మూసింది. తీగలన్నీ బిగించాడు. ఎర్ర దీపం.

పది నలభై అయింది.

"బ్రేకరే చెడ్డది! దీన్ని పీకేసి తీగలు నేరుగా కలిపేత్తాను," అంటూ పట్టకారు తీశాడు.

"ఇంజను కాలిపోతే?" అన్నాడు పైడయ్య.

"కాలనీ బావా. ఎలాగూ అటకెక్కేదే." మాట గట్టిగానే వచ్చింది గానీ పట్టకారు తీగ దాకా వెళ్లి ఆగింది.

ఆరోగ్యమ్మ తడిచెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కొంగుముడి విప్పి, అయిదు రూపాయల బిళ్ల తీసి, అతని కళ్లముందే పట్టాలకు అడ్డంగా పెట్టి దణ్ణం పెట్టుకుంది.

"ఏటి సేత్తన్నావే?"

"రక్షణ. మీరే గదా పొద్దున్న సూపించేరు."

జ్ఞానశేఖర్ మెల్లగా వంగి, వంతెన అవతలి చివర కమానుల చాటుకు తొంగిచూశాడు. పట్టాలకు అడ్డంగా, బుద్ధిగా, మరో మూడు బిళ్లలు.

"ఎవరివియ్యి?"

"ఒకటి నానేసేనన్నయ్యా. గోదారి దాటితే గోదారమ్మకి ఎయ్యమేటి?" అంది చిట్టమ్మ.

"బండాగిపోనాది గదాని నాను రెండోది పెట్టేను బావా," అన్నాడు పైడయ్య.

ఎవాంజలిన్ ఫ్యానువంక చూసింది. "నాది జారిపడింది మరిదిగారూ."

జ్ఞానశేఖర్ భార్యవైపు తిరిగాడు. "బండి ఆగిపోతే బల్ల నీదే గదే! నువ్వెందుకు పెట్టేవు?"

"బల్ల కావాలి. అలాగని మీ మొకం అలా మాడిపోతంటే సూత్తా కూకోమంటారేటి?"

అతను నాలుగు బిళ్లలూ ఏరాడు. ఎర్ర దీపం ఆరింది. ఏమీ జరగనట్టు రైలు వంతెన దిగి వెళ్లిపోయింది. ఒక్క తీగ కూడా కమలలేదు. అతను చెడ్డదన్న బ్రేకరు గంటసేపు నలుగురి భక్తినీ ఒంటరిగా కాచుకుంది. చుట్లు మళ్లీ ఒకటినుంచి లెక్కపెట్టారు. పదకొండుకు రెండు నిమిషాలుండగా పదో చుట్టు పూర్తయింది.

గెలిచినవాడు సగం పట్టాలు తానే ఊడదీసి, గోదావరిని ఒక మూలకు జరిపి, సగం బల్ల శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. మధ్యాహ్నం ఆ సగంమీదే భోజనాలు వడ్డించారు.

బిళ్లలకు బ్రేకరు సరిపోతుంది గానీ పట్టాలమీద ఒలికిన చేపల పులుసుకు సరిపోదని రెండో పంక్తిలో తేలింది.