అవ్వ మనసు ఎట్లుంది?

ఎమ్మిగనూరులో ఇందిరాబాయి ఇంట్లో ద్వాదశి ఉదయానికి ఒకటే ప్రణాళిక. నిన్న ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టని ఆమె, పంచాంగం చెప్పిన వేళ దాటకముందే పారణ చేసి ఉపవాసం విడవాలి. అందుకే తెల్లవారకముందే స్నానం చేసి, మడిచీర కట్టి, అవిసాకు కూర వండుతోంది. ఆ వేళ ఆమెను కన్నకొడుకైనా తాకకూడదు.

ఏడో తరగతి చదివే మనవరాలు ప్రజ్ఞకు మరో పని ఉంది. జీవన నైపుణ్యాల పీరియడ్‌లో టీచర్ ఇంటిపని ఇచ్చింది: ఇంట్లో ఒక పెద్దవారి చేయి పట్టుకుని, మనసు ఎలా ఉందో అడిగి, జవాబు వినాలి. మడి సంగతి ప్రజ్ఞకు తెలియక కాదు. ప్రశ్న మరిచిపోకుండా వల్లిస్తూ వచ్చి, మడిని మరిచిపోయింది.

"అవ్వా, ఈ పొద్దు నీ మనసు ఎట్లుంది?" అంటూ గరిట ఉన్న చేతినే పట్టుకుంది.

"అయ్యయ్యో, ముట్టేసినావు గదే! మండిపోతాంది నా మనసు! రష్మీ, నీళ్లు తోడు!" అని కోడలిని కేకేస్తూ ఇందిరాబాయి స్నానాలగదికి పరుగెత్తింది.

ఆ కేక గోడ అవతల పక్కింటి జైనాబ్ బీకి వినిపించింది. "ఏమైంది బేటీ?"

"అవ్వకు మనసు మండిపోతాందంట," అని ప్రజ్ఞ విన్నది విన్నట్టు చెప్పింది.

"యా అల్లా! నిన్నంతా ఉపాసం, ఈ పొద్దు మంట! మా ఆయనకు గుండెనొప్పి ఇట్లే మొదులైంది!"

వీధి చివర కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టర్ ఈరన్నను ఆమె వెంటబెట్టుకొచ్చేసరికి, ఇందిరాబాయి రెండో మడిచీరతో బయటికి వస్తోంది. ఏళ్ల నాటి పొరుగు, మడి సంగతి తెలుసు కాబట్టి జైనాబ్ బీ గడప దగ్గరే ఆగిపోయింది.

"ముట్టద్దప్పా, మడి..." అని ఇందిరాబాయి అనేలోపే ఈరన్న ఆమె మణికట్టు పట్టేశాడు.

"నాడి శానా జోరుగా కొట్టుకుంటాందమ్మా."

"ఎందుకు కొట్టుకోదప్పా!"

"అత్తా, ట్యాంకులో నీళ్లు అయిపోయినాయి," అంది రష్మి మెల్లగా. "కరెంటు కూడా లేదు."

పూజగదిలోంచి ఇందిరాబాయి భర్త వెంకోబారావు పంచాంగం పట్టుకుని వచ్చారు. "ద్వాదశి దాటిపోతాంది ఇందిరా. కూర సంగతి ఇడిసిపెట్టు. తీర్థంతో పారణ అయిపోతాది, చెయ్యి సాపు."

తాకకుండా పైనుంచి ఆమె అరచేతిలో తీర్థం పోశారు. ద్వాదశి దక్కింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ప్రజ్ఞ సంచి భుజాన వేసుకుని మెల్లగా జారుకోబోయింది.

"యాడికే? కూర్చో." ఈసారి ఇందిరాబాయే ఆ చేయి పట్టుకుంది. "మడి ఎట్లాగూ పాయె. మనసు ఎట్లుందని ఈ ఇంట్లో నన్ను ఇంతవరకు అడిగినోళ్లు ఒక్కరూ లేరు. ఇను. మా పెండ్లినాడు మీ తాత ఏం చేసినాడంటే..."

వెంకోబారావు మళ్లీ పంచాంగంలో తలదూర్చారు. జైనాబ్ బీ గడప మీద సర్దుకుని కూర్చుంది. ఈరన్న కూడా బ్యాగు కింద పెట్టాడు.

బడిబస్సు హారన్ కొట్టీ కొట్టీ వెళ్లిపోయేసరికి, ఇందిరాబాయి కథ ఇంకా పెళ్లిపందిట్లోనే ఉంది.