రెండో అంతస్తు పలావు

శుక్రవారం సెలవు కాబట్టి, మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇరుగుపొరుగును భోజనానికి పిలవాలని నూరున్నీసా నిశ్చయించుకుంది. ప్రొద్దుటూరు నుంచి కువైట్ వచ్చి ఆమెకు వారం కూడా కాలేదు. పెట్టెలు సర్దడం అయింది. కిటికీకి పరదా కట్టడం అయింది. కొత్త ఇల్లు ఇల్లనిపించాలంటే నలుగురు వచ్చి తిని వెళ్లడమే మిగిలింది. పొద్దున్నే బియ్యం కడుగుతూ ఆ మాట భర్తకు చెప్పింది.

జమీర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవుర్ని పిలుస్తాండావు?"

"పైన జ్ఞానమ్మక్కోళ్లను, కింద మస్తానమ్మక్కోళ్లను. ఇంకెవురుండారు మనోళ్లు ఈ బిల్డింగులో?"

"ఇద్దర్నీనా? నీకేమన్నా మతి పోయిందా?"

అతని భయానికి కారణం ఉంది. పై అంతస్తులో జ్ఞానమ్మ భర్త దాసయ్య, కింది అంతస్తులో మస్తానమ్మ భర్త మౌలాలి, ఇద్దరిదీ జమ్మలమడుగు దగ్గర ఒకే ఊరు. దాసయ్య పాత సర్పంచి మనిషి, మౌలాలి కొత్త సర్పంచి మనిషి. ఆ ఊళ్లో రెండు పార్టీలకూ టీ అంగళ్లు వేరు, మంగలి షాపులు వేరు. సముద్రం దాటి వచ్చి ఒకే కంపెనీలో బస్సులు తోలుతున్నా, దాసయ్య లిఫ్టు ఎక్కితే మౌలాలి మెట్లు ఎక్కేవాడు.

"మా పులివెందులలో నేను నేర్చుకున్న విద్దె ఒకటే," అన్నాడు జమీర్. "ఎవురేం చెప్పినా తల ఊపడం. నువ్వూ ఊపుకుంటా ఉండు."

"నా పెండ్లికి సగం మంది రాల్యా, గుర్తుందా? వాళ్లొస్తే మేం రామని వీళ్లు, వీళ్లొస్తే మేం రామని వాళ్లు. వండించిన అన్నం మా నాయన ఎత్తి పారబోసినాడు. ఇంత దూరమొచ్చినాక గూడా నా ఇంటికి ఎవురు రావల్లో ఇంకొకరు చెప్తే నేను ఇనను. ఈ పొద్దు ఒక పార్టీనే పిలిస్తే, ఈ ఇల్లు ఎప్పటికీ ఆ పార్టీ ఇల్లే అయిపోతాది."

జమీర్ అలవాటు కొద్దీ తల ఊపాడు.

ఆమె పైకి వెళ్లి పిలిచింది. జ్ఞానమ్మ సంతోషించి, "ఇంకెవుర్ని పిలిచినావు పాపా?" అని అడిగింది. నూరున్నీసా దాచలేదు. జ్ఞానమ్మ వెనక్కి తిరిగి భర్త ముఖం చూసింది. కింద మస్తానమ్మ కూడా అదే అడిగి, అదే జవాబు విని, అలాగే భర్త ముఖం చూసింది.

ఇది మామూలు భోజనం కాదని ఇద్దరు మగవాళ్లకూ క్షణంలో అర్థమైపోయింది. వాళ్ల ఊరి వైపు రెండు పార్టీలనూ కలిపి మూడో మనిషి ఇంట్లో అన్నం పెడితే దానికి ఒకటే పేరు, రాజీ. అది ఎవరు కుదిర్చారో తెలియకపోవడమే వాళ్లకు మింగుడు పడలేదు. ఇద్దరూ ఊళ్లో తమ తమ సర్పంచి ఇంటికి ఫోన్లు చేశారు. రెండు ఇళ్ల నుంచీ ఒకే జవాబు వచ్చింది: "పెద్దాయన హైదరాబాదు పోయినాడు. కనుక్కోని చెప్తాం."

దాంతో అనుమానం ముదిరింది. కొత్త సర్పంచి తగ్గివస్తున్నాడని దాసయ్య, పాత సర్పంచి కాళ్లబేరానికి వచ్చాడని మౌలాలి పక్కవీధుల్లో ఉన్న తమ తమ వాళ్లకు కబురు పెట్టారు. నమాజు అయ్యేసరికి బిల్డింగు ముందు కార్లు వరసగా ఆగాయి. ఎవరో పూలదండ కూడా తెచ్చారు, ఎవరి మెడలో వేయాలో తెలియకపోయినా. కాపలా ఉండే ఈజిప్టు ముసలాయన గుంపును చూసి కంగారుపడి, పెళ్లా అని జమీర్‌ను అడిగాడు. జమీర్ తల ఊపాడు. చావా అని అడిగాడు ముసలాయన. దానికీ ఊపాడు.

నూరున్నీసా పలావు దించి, దాల్చాలో తిరగమాత పెట్టి, తలుపు తెరిచింది. పై మెట్ల నిండా దాసయ్య మనుషులు, కింది మెట్ల నిండా మౌలాలి మనుషులు. ఎవరూ కదలడం లేదు.

"రాండన్నా, లోపలికి రాండి."

"వాళ్లను రానీ," అన్నాడు దాసయ్య.

"వాళ్లను రానీ," అన్నాడు మౌలాలి కింద నుంచి.

రాజీలో గడప ముందు దాటినవాడే తగ్గినవాడు. అది ఆమెకూ తెలుసు. పెళ్లినాటి అన్నం కళ్ల ముందు మెదిలింది.

వెనక నుంచి ఒకడు గొణిగాడు. "పోదాం పా మామా, ఆకలైతాంది."

"ఉండ్రా," అని దాసయ్య వాణ్ణి గదిమి, అందరికీ వినపడేలా, "మనకేం భయంల్యా. జమీర్ మన మనిషే. పెండ్లాం రాకముందు ప్రతి మంగళారం మన ఇంట్లోనే కదా తిన్యాడు!" అన్నాడు.

కింద నుంచి మౌలాలి రెండు మెట్లు ఎగబాకాడు. "మీ మనిషా? బేస్తవారం బేస్తవారం మా ఇంట్లో తిని, కొత్త సర్పంచంటే దేవుడన్యాడే!"

"మా ఇంట్లో పాత సర్పంచిని అన్న మాటే అది!"

మొదటిసారి రెండు పార్టీలూ ఒకే వైపు చూశాయి. జమీర్‌కు ఎటు తల ఊపాలో తెలియలేదు.

"ఆయన తిన్యాది ఆకలికి, పార్టీకి కాదు," అంది నూరున్నీసా, గరిటె చేత్తో పట్టుకునే గడపలోకి వచ్చి. "తల ఊపిచ్చుకున్యాది మీరు. ఊపకుంటే కూడు పెట్టేవాళ్లా?"

ఎవరూ జవాబు చెప్పేలోగా దాసయ్య జేబులో సెల్లు మోగింది. అది ఆగకముందే మౌలాలి జేబులోనూ మోగింది. పైన దాసయ్య "ఆ... ఆ..." అన్నాడు, కింద మౌలాలి "ఊ... ఊ..." అన్నాడు. కాసేపటికి ఇద్దరూ సెల్లులు దించారు. ఇద్దరి ముఖాలూ ఒకే రంగుకు తిరిగాయి.

"ఏమైంది మామా?" అని అడిగారు వెనకవాళ్లు.

"సర్పంచులిద్దరూ హైదరాబాదులో కలిసి ఒకే పార్టీలో చేరినారంట," అన్నాడు దాసయ్య మెల్లగా.

"ఒకే కారులో పోయినారంట," అన్నాడు మౌలాలి. "నెల కిందటే మాట్లాడుకున్యారంట. మనకొక మాట చెప్పల్యా సూడప్పా."

ఆ 'అప్పా' అన్నది దాసయ్యనే. ఊరు విడిచాక మౌలాలి అతన్ని పలకరించడం అదే మొదలు. దండ తెచ్చినవాడు దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. దాసయ్య గొంతు సవరించుకుని, "సరేలే, పెద్దోళ్లే కలిసినాక మనదేముంది? పాండి, తిందాం," అని దిగాడు. మౌలాలి ఎక్కాడు.

నూరున్నీసా గుమ్మానికి గరిటె అడ్డం పెట్టింది.

"ఆగండన్నా. సర్పంచులు చెప్పినారని వచ్చేటట్లయితే వెనక్కి పోండి. నేను పొద్దున్నే పిలిచినా. నేను పిలిచినానని వచ్చేవాళ్లే ఈ గడప దాటల్ల. రేపు వాళ్లు మళ్లీ కొట్టుకుంటే, మీరు నా ఇంట్లో అన్నం వదిలేసి లేచిపోతారు. ఆ పని నాకొద్దు."

జమీర్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దాసయ్య మౌలాలిని చూశాడు, మౌలాలి దాసయ్యను చూశాడు.

"జరుగు," అంది జ్ఞానమ్మ, భర్తను పక్కకు నెట్టి దిగుతూ. "పలావు సల్లారిపోతాంది. పాప పిలిచింది, నేనొస్తాండా."

"నన్నూ పాపే పిలిచింది," అంటూ మస్తానమ్మ కింద నుంచి ఎక్కింది. గడప ఇరుకు కావడంతో ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి. ఎవరు ముందు లోపలికి వెళ్లారో చూసినవాళ్లకు కూడా తెలియలేదు. నూరున్నీసా గరిటె దించి, వాళ్లకు చాప పరిచింది.

మగవాళ్లు మాత్రం మెట్ల మీదే నిలబడి, లోపలికి పోవచ్చో లేదో ఎవరికి ఫోను చేసి కనుక్కోవాలా అని ఆలోచిస్తూ ఉండిపోయారు.