బావ పేరు, బామ్మర్ది నెత్తురు

ఆ రోజు పొద్దున జనార్దన్ రెడ్డి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బామ్మర్ది సుధాకర్‌ను స్కూటరు మీద ఎక్కించుకుని సూర్యాపేట మెయిన్ రోడ్డులోని ల్యాబుకు పోవాలి, పరీక్షకు నెత్తురు ఇవ్వాలి, వచ్చేటప్పుడు ఇడ్లీ తినాలి. ఇందులో ఒక్కటే మెలిక. పరీక్ష జనార్దన్‌కు, నెత్తురు మాత్రం సుధాకర్‌ది.

జనార్దన్‌కు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ప్రతి ఆదివారం హైదరాబాదు నుంచి మిర్యాలగూడ నర్సింగ్ హోముకు వచ్చే డాక్టర్ సావిత్రి, మందు ఎక్కించడం మొదలుపెట్టే ముందే నెత్తురు పరీక్ష చేయించి అందులో ఒక నంబరు చూసింది. "ఈ నంబర్ తగ్గిందంటే మందు పనిచేస్తున్నట్టు. తగ్గకపోతే వేరే మందు చూడాలె" అంది. ఆ మాట చెవినపడగానే జనార్దన్ భార్య ఆండాళు యాదగిరి నర్సన్నకు మొక్కుకుంది. నంబరు తగ్గేదాకా ఒంటిపూటే తింటానని.

కొన్ని విడతలు మందు ఎక్కాక డాక్టర్ మళ్లీ అదే పరీక్ష రాసేసరికి ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. జనార్దన్ వాంతులు ఓర్చుకున్నాడు, జుట్టు రాలితే ఓర్చుకున్నాడు. రాత్రిపూట పస్తున్న భార్య వడ్డిస్తుంటే తానొక్కడే తినడం మాత్రం అతనివల్ల కాలేదు. నంబరు తగ్గాలి, ఎట్లాగైనా తగ్గాలి.

ముప్పై ఏళ్లుగా వ్యవసాయ మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేస్తున్నవాడికి 'ఎట్లాగైనా' అంటే ఒకటే అర్థం. సంచి అడుగున తాలు ఉంటే ఉండనీ, మూతి దగ్గర మాత్రం బంగారంలాంటి వడ్లుండాలి. కొనేవాడు పిడికిట్లోకి తీసుకుని చూసేది వాటినే కదా.

"శాంపిల్ అన్నంక మంచిది పెట్టాలె గద సుధాకరూ. నీకు ఎన్నడన్న జరమొచ్చిందా?"

"నాకు జ్వరమా? నన్ను చూస్తే జ్వరానికే చలిజ్వరం వస్తుంది బావా!" అని కోదాడ నుంచి దిగిన సుధాకర్ ఛాతీ విరిచాడు. మనిషి దున్నపోతులా ఉంటాడు. ఆ ఛాతీలోకి గాలికంటే సిగరెట్టు పొగే ఎక్కువ పోతుంది. జబ్బు బయటపడ్డాక బావ మానేసిన సిగరెట్టు పెట్టెలను కూడా, పారేయడం పాపమని, అతనే కాల్చి పుణ్యం కట్టుకున్నాడు. సూదంటే తనకు ప్రాణభయమన్న సంగతి మాత్రం బావకు చెప్పలేదు.

ల్యాబులో జవహర్ అనే కుర్రాడు కొత్తగా చేరాడు. "జనార్దన్ రెడ్డి ఎవరు?" అని అడిగాడు.

"గీయననే" అని జనార్దన్ బామ్మర్దిని ముందుకు తోశాడు.

నెత్తురు గొట్టంలోకి ఎక్కేదాకా సుధాకర్ బాగానే ఉన్నాడు. ఎక్కాక కళ్లు తేలేసి కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు. జవహర్ గొట్టానికి మూత బిగించి గుమ్మంలోకి ఉరికాడు. "జర నీళ్లు తెండ్రి! జనార్దన్ రెడ్డి పడిపోయిండు!"

ఎదుటి టీకొట్టు దగ్గర మార్కెట్ హమాలీలు ఉన్నారు. జనార్దన్‌ను ఎరుగని హమాలీ సూర్యాపేటలో లేడు. రోడ్డు దాటేసరికి ఆ కబురు 'సీరియస్' అయింది, మార్కెట్ గేటు దగ్గరికి చేరేసరికి 'ఖతం' అయింది. కాంటాలు ఆగిపోయాయి. దుకాణాల షట్టర్లు సగానికి దిగాయి. పూలదండలు తేవడానికి మనిషి పరుగెత్తాడు.

ఇవేవీ తెలియని జనార్దన్, తెలివొచ్చిన బామ్మర్దికి కడుపునిండా ఇడ్లీ తినిపించి ఇంటికి వచ్చాడు. వాకిట్లో జనం, టెంటు, వరసగా కుర్చీలు. దండ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డ హమాలీ కిష్ట్యా భుజం తట్టాడు.

"ఎవలు పోయిండ్రురా?"

కిష్ట్యా కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. "మీరే పటేలా!" అన్నాడు. అని, దండ వదిలేసి పరుగు తీశాడు.

ఆండాళు వచ్చి భర్త చేతులు, ముఖం తడిమి చూసుకుని భోరుమంది. "ల్యాబుల పడిపోయినవంట గదయ్యా!"

పడింది నీ తమ్ముడని చెబితే గుట్టంతా బయటపడుతుంది. "జర కండ్లు తిరిగినయ్, గంతే" అన్నాడు జనార్దన్.

"నా మొక్కు సాలలేదు. ఇగ నంబర్ తగ్గేదాక ఆ ఒక్కపూట అన్నం గూడ ముట్ట" అంది ఆండాళు. జనార్దన్ తల పట్టుకున్నాడు. పాలూ పండ్లతో ఆమె ఆదివారం దాకా నెట్టుకొచ్చింది.

ఆదివారం ముగ్గురూ మిర్యాలగూడ పోయారు. డాక్టర్ సావిత్రి రిపోర్టు చూసి నొసలు చిట్లించింది. "నంబర్ తగ్గలే. ఇంకింత పెరిగింది. ఈ మందు బంద్ చేద్దాం. రెండో మందున్నది గాని, అది పనిచేస్తదని గట్టిగ చెప్పలేను."

ఆండాళు నర్సన్నకు దండం పెట్టుకుంది. జనార్దన్‌కు అప్పుడు తెలిసొచ్చింది. పనిచేస్తుందో లేదో తెలియకుండానే ఉన్న మందు పోతోంది, అదీ తన తెలివితేటల వల్ల. నోరు తెరవబోయేలోగా పక్కనుంచి కేక వినబడింది.

"అయ్యో డాక్టరమ్మగారూ! ఆ నెత్తురు నాదండీ! అక్కా, నేను పోతున్నానే!" అని సుధాకర్ నేల మీద చతికిలబడ్డాడు.

మంచి శాంపిల్ మాటతో సహా గుట్టంతా బయటపడింది. డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సంచి మూతికి వేరే వడ్లు పెడితె మీ మార్కెట్ల నడుస్తదేమో పటేలా. నేను మందు ఎక్కించేది సంచికి!" అని కసిరి, ఇద్దరికీ అక్కడే నెత్తురు తీయించి, సుధాకర్‌కు ఎక్స్‌రే కూడా రాసింది. సూదికి సుధాకర్ రెండోసారి పడ్డాడు. ఈసారి నర్సు ముందే పరుపు వేసి ఉంచింది.

మళ్లీ ఆదివారం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వచ్చాక డాక్టర్ నవ్వింది. "జనార్దన్ గారి నంబర్ సగం కన్న తక్కువైంది. మందు మంచిగ పనిచేస్తున్నది, ఇదే నడిపిద్దాం. సుధాకర్ గారూ, మీ ఎక్స్‌రేల ఏం లేదు. పొగ తాగేటోళ్లకు ఈ నంబర్ ఎక్కువనే ఉంటది. సిగరెట్లు మానుండ్రి. మూడు నెలలైనంక మళ్ల నెత్తురు చూద్దాం."

"మళ్లీ సూదా?" అన్నాడు సుధాకర్ నీరసంగా.

బస్టాండు పక్క హోటల్లో ఆండాళు అన్నం కలుపుకుని తింటుంటే, జనార్దన్ తన విస్తరి మరిచిపోయి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అడిగితే ఆవకాయ కారమన్నాడు. ఆమె మారు వడ్డించుకుని, చివర మజ్జిగ దాకా తిని, తృప్తిగా చెయ్యి కడుక్కుంది.

"ఇగ తమ్మునికి మొక్కుకున్న. వాని నంబర్ తగ్గేదాక ఒంటిపూటే" అంది.

జనార్దన్ చేతిలో ముద్ద ఆగిపోయింది. సుధాకర్ తన జేబులోని సిగరెట్టు పెట్టె తీసి మోరీ కాలువలో పడేశాడు. కాసేపు ఆలోచించి, కుర్చీ జరుపుకుని బావ చెవి దగ్గరికి వంగాడు.

"బావా, మూడు నెలలయ్యాక ఆ ల్యాబుకి నా పేరు మీద నువ్వెళ్లి రావాలి."

మంచి వడ్లు ఇప్పుడు బావ సంచిలోనే ఉన్నాయి మరి.