చుట్టరికాలు తెలిసిన కంప్యూటరు

కాగితం అడిగితే కాగితం ఇచ్చేది కూడా ఒక ఆఫీసేనా! మా మండలాఫీసును చూసి నేర్చుకోండి. అక్కడ ఒక్కటడిగితే పదిహేడు ఇస్తారు.

నిరుడు అక్కడికి కంప్యూటరొచ్చింది. ఉత్తది కాదు, చుట్టరికాలు తెలిసింది! ఏది దేని కిందికి వస్తుందో, దేనికి ఏమవుతుందో ముందే నేర్పిపెట్టారట. ఆ చదువు పేరు ఆంటాలజీ అట. మిరప పంట కిందికి, పంట పొలం కిందికి, పొలం రైతు కిందికి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నాకు తేలిగ్గానే బోధపడింది. అ కింద అమ్మ, ఆ కింద ఆవు. అంతేగా!

అంతకుముందు కాగితాలన్నీ అటెండరు హయాత్ చూసేవాడు. పాపం, అతనికి ఏ ఆంటాలజీ తెలియదు. మిరప అర్జీలు ఎర్రదారంతో, పత్తి అర్జీలు తెల్లదారంతో కట్టి, పేరు చెప్పగానే తీసిచ్చేవాడు. ఎంత అనాగరికం! వచ్చిన మనిషి రెండు నిమిషాల్లో వెళ్ళిపోతే ఇక ఆఫీసుకు మర్యాదేముంది?

నా సంగతే వినండి. ఈ ఏడు నా రెండెకరాల పత్తి నా ఎత్తు ఎదిగింది, కాయ మాత్రం కాయలేదు. విత్తనం నకిలీదని అర్జీ ఇచ్చాను. ఆఫీసరు వచ్చి, నిలిచున్న చేను చూసి నష్టం రాయాలి. పీకేశాక చూడ్డానికేముంటుంది? అందుకే చుట్టుపక్కలవాళ్ళు శనగలు వేసుకుంటుంటే, నేను గొడ్డుపోయిన చేనుకు కాపలా కాస్తున్నాను.

నెల చూసి ఆఫీసుకెళ్ళాను. కంప్యూటరు దగ్గరుండే జయకుమారి 'పత్తి' అని కొట్టింది. ఎంత జ్ఞానమండీ! ఆస్పత్రి దూది ఇండెంటు వచ్చింది. హాస్టలు పరుపుల టెండరు వచ్చింది. జిన్నింగు మిల్లువాళ్ళు రోడ్డు అడిగిన ఉత్తరం వచ్చింది. అన్నీ పత్తికి అయినవాళ్ళే! నా అర్జీ ఒక్కటే రాలేదు.

"పోయిందేమోనమ్మా" అంది జయకుమారి.

టీ గ్లాసులు పట్టుకుని వెళ్తున్న హయాత్ ఆగాడు. "ఇక్కణ్ణించి ఏదీ పోదు పుల్లమ్మ పిన్నీ, దారి తప్పుద్దంతే! ఏమ్మా, ఆవిడ పేరు కొట్టి చూడరాదూ?"

కొట్టింది. దొరికింది! వితంతు పింఛన్ల కింద ఉంది.

"అదేంటమ్మాయ్, నేను రాసింది పత్తి గురించి కదా!"

"మీ పేరు పక్కన 'భర్త లేటు' అని ఉంది గదండీ. ఇందులో రైతు మగవాళ్ళ కిందున్నాడు. ఆడవాళ్ళ కింద రైతు భార్య, కూలీ, వితంతువు, మూడే ఉన్నాయి. దగ్గరగా ఉన్నదాంట్లో వేశాను."

ఎంత బుద్ధిమంతురాలైన యంత్రం! పెద్దలు నేర్పింది నేర్పినట్టు అప్పజెబుతోంది. దాన్నేమనగలం?

ఫలితం కూడా దక్కింది. మొన్న ఆఫీసరుగారు జీపేసుకుని మా ఇంటికే వచ్చారు. నా నుదుటి వంక చూసి, "మీ ఆయన పోయిన మాట నిజమేనా అమ్మా?" అనడిగి, నిజమేనని రాసుకున్నారు.

"చేను ఆ మలుపులోనే ఉందండీ. ఒక్కసారి చూడండి" అన్నాను.

"చేను చూడాలంటే రైతుండాలి గదమ్మా! పిలిపించండి."

లోపలికెళ్ళాను. మా ఆయన తలగుడ్డ నెత్తికి చుట్టుకుని బయటికొచ్చాను.

"రైతొచ్చాడండీ. పదండి."